డెబ్భై మార్కులు

కుట్టు షాపు, వెనక గది
మార్చి 6

చిన్నీ,

ఉత్తరం చూసి కంగారుపడకు. కంగారుపడాల్సినదంతా ఫోన్లో ముందే చెప్పేశాను. మిగతాది ఫోన్లో చెప్పలేను. ఫోన్ తీస్తే చాలు, మీ బావ పక్కకొచ్చి కూర్చుంటాడు, స్పీకర్ పెట్టమంటాడు. బయటికెళ్ళి మాట్లాడితే కిటికీ దగ్గరికొచ్చి నిలబడతాడు. అందుకే షాపులో ప్యాంటు అంచులు మడవడం ఆపి రాస్తున్నాను. నువ్వు కూడా షాపుకే రాయి.

అసలిది ఎలా బయటపడిందో నీకు పూర్తిగా తెలీదు. తొమ్మిదంతస్తుల బిల్డింగులో లిఫ్ట్ రిపేరు. మీ బావ లిఫ్ట్ పెట్టె మీద నిలబడి పనిచేస్తున్నాడు. పైన మిషన్ రూములో ఆయన జతగాడు ఉన్నాడు, అదే, అందరం పొడుగు అని పిలుస్తామే, వాడు. నువ్వు చూశావుగా, మన గుమ్మం దాటాలంటే వంగాల్సిందే. మీ బావ కిందనుంచి "గొడుగు ఆపు!" అని అరిచాడట. పొడుగు నవ్వాడు. మళ్ళీ "గొడుగు ఆపవయ్యా!" మూడోసారి ఆ గొంతులో భయం వినిపించి, వాడు మెయిన్ స్విచ్ లాగేశాడు. స్విచ్ అనబోతే నోట్లోంచి గొడుగు వస్తోంది. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఆ మనిషి ఒక్క నట్టు కూడా వదులుగా వదల్లేదు. పది రోజుల్లో తల తెరిచారు.

సర్జన్ "కనిపించినంత తీశాం. మాటలు పుట్టే చోటికి ఆనుకుని కొంచెం వదిలేశాం" అన్నాడు. ఎంత కొంచెం అంటే వేళ్ళతో చూపించాడు. బఠాణీ గింజ పట్టేంత సందు. మెదడులో గడ్డ, దాని పేరు గ్లయోబ్లాస్టోమా అన్నాడు. నేను చీటీ మీద రాయించుకున్నాను. దాన్ని పలకడం మీ బావకి వచ్చింది, నాకు రావడం లేదు చూడు.

తొమ్మిదేళ్ళుగా నువ్వు ఆ హాస్పిటల్లో ఇలాంటివాళ్ళ ఫైళ్ళే చూస్తున్నావు. ఎవరు ఎన్నాళ్ళుంటారో ఏ వివరాన్నిబట్టి ముందే తెలుస్తుందో తేల్చడమే కదా నీ పని. అయితే తేల్చు. మీ బావకి ఎంత?

మసిపూసి రాయొద్దు.

అక్క


రికార్డుల సెక్షన్, మూడో అంతస్తు
మార్చి 14

అక్కా,

నీ ఉత్తరం నాలుగు రోజులు బ్యాగులో పెట్టుకుని తిరిగాను. బస్సులో తీసి చదవడం, మళ్ళీ మడిచి పెట్టుకోవడం.

అంకె అడగకు. అంకె అందరిదీ కలిపి వస్తుంది, ఒక మనిషికి సరిపోదు. నీ భాషలో చెప్పాలంటే, ఊళ్ళో మగాళ్ళందరి ఛాతీ కొలిచి సరాసరి తీసి ఒకే చొక్కా కుట్టినట్టు. కావాలంటే మేము ఏమేం చూస్తామో చెబుతాను.

మొదటిది వయసు. యాభై లోపువాళ్ళు ఎక్కువ తట్టుకుంటారు. బావకి యాభై రెండు, అంటే గీతకి కొంచెం అవతల. తర్వాత, ఆపరేషన్లో గడ్డ ఎంత తీయగలిగారన్నది. ఇది మీకు బాగానే ఉంది. గడ్డ ముక్కని ల్యాబుకి పంపి ఒక జీన్ చూస్తారు. అది మూసుకుని ఉంటే కీమో మాత్రలు బాగా పట్టుకుంటాయి. తెరుచుకుని ఉంటే కణం తనకి తగిలిన దెబ్బని తనే బాగుచేసుకుని లేచి కూర్చుంటుంది. ఆ రిపోర్టు వచ్చిందా? వస్తే పంపు.

ఇంకొకటి, మనిషి తన పని తాను ఎంత చేసుకోగలడన్నది. దానికి వందకి మార్కులు వేస్తారు. ఏ ఇబ్బందీ లేకపోతే వంద. ఉద్యోగం చేయలేకపోయినా తన పనులు తనే చేసుకుంటే డెబ్భై. చాలా పనులకి పక్కన మనిషి కావాలంటే యాభై. ఇదేదో స్కూలు వ్యవహారంలా కనిపిస్తుంది గానీ, మేము లెక్కలు వేసే టేబుల్లో స్కానింగుల కంటే ఎక్కువ నిజం చెప్పేది ఇదే. బావ స్నానం, బట్టలు, భోజనం, నడక ఎలా ఉన్నాయో రాయి.

శలవు దొరకడం లేదు. దొరకగానే వస్తాను.

చిన్ని


కుట్టు షాపు
మే 2

చిన్నీ,

రేడియేషన్ అయిపోయింది. ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు. జుట్టు ఒకవైపే ఊడింది. "రెండోవైపు కూడా గీయించుకో" అంటే "సగం జీతానికి సగం పని" అన్నాడు. ఏ సామెతా కాదు, ఏ అర్థమూ లేదు, కానీ ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

నువ్వడిగినవి రాస్తున్నాను. స్నానం తనే. భోజనం తనే. నడక బాగుంది, మేడ దిగి సందు చివరిదాకా వెళ్ళొస్తాడు. బట్టలు తనే వేసుకుంటాడు. మొన్న నర్సు ఎదురుగానే చొక్కా విప్పి మళ్ళీ తొడుక్కుని చూపించాడు. ఆవిడ ఎనభై వేసింది. నేను ఆ కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకున్నాను, పిల్లల ప్రోగ్రెస్ కార్డులాగా.

మాటలే. వస్తువుల పేర్లు జారిపోతున్నాయి. దువ్వెనని "ఇది" అంటాడు, టీవీని "అది" అంటాడు, నన్ను "ఏమోయ్" అనే పిలుస్తాడు, కానీ ఆ పిలుపు పెళ్ళయిన కొత్తలోనూ అంతే కాబట్టి దానికి మార్కులు తీసెయ్యకు.

ల్యాబు కాగితం ఇంకా రాలేదు.

ఇప్పుడు అంకె చెప్పు. నువ్వడిగినవన్నీ చెప్పాను కదా.

అక్క

మరదలికి, ఈ ఉత్తరం పట్టుకున్నాను. మీ అక్క సంచిలో వెతుకుతుంటే దొరికింది. నా గురించి రహస్యాలా? నడక బాగున్న మాట నిజం. మీ అక్క పెట్టే ఆ ఉప్పులేని అది మాత్రం తినలేకపోతున్నాను. అదే, తెల్లగా, గిన్నెలో. — బావ


రికార్డుల సెక్షన్
మే 11

అక్కా, బావా,

రహస్యం బయటపడ్డాక ఇంక ఇంటికే రాస్తున్నాను.

అక్కా, లెక్క వేశాను. అన్నీ బాగున్నాయి. రెండేళ్ళ పైనే అంటోంది టేబుల్. అంతకంటే ఎక్కువ కూడా ఉండొచ్చు. మా ఫైళ్ళలో ఒకాయన ఉన్నాడు, స్కూలు బస్సు డ్రైవరు. అరవై దాటిన వయసు, గడ్డ సగమే తీశారు, జీన్ కూడా అనుకూలంగా లేదు. మా టేబుల్ ప్రకారం ఆయన తొమ్మిదో నెలలో పోవాలి. ఏడేళ్ళయింది. మా డాక్టరుగారు ఆయన ఫైలు తెరిచినప్పుడల్లా తల గోక్కుంటారు. ఎందుకు బతికాడో ఏ గడిలోనూ దొరకదు.

బావా, ఆ తెల్లగా గిన్నెలో ఉన్నదాన్ని తినండి. తినకపోతే మార్కులు తగ్గుతాయి.

ఇక్కడ మా సెక్షన్‌ని కింద అంతస్తుకి మారుస్తున్నారు. ఫైళ్ళన్నీ అట్టపెట్టెల్లో ఉన్నాయి. అందుకే రాలేకపోతున్నాను.

చిన్ని


ఇంటి నుంచి
అక్టోబరు 9

చిన్నీ,

మళ్ళీ వచ్చింది.

మొన్నటి స్కానులో, వదిలేసిన చోటే, ఈసారి నిమ్మకాయంత. ఎనిమిది నెలలు నిండకుండానే. నువ్వేమో రెండేళ్ళన్నావు. నిన్ను తప్పుపట్టడం లేదు, నీ టేబుల్ ఎవరో తప్పు వేసి ఉంటారు.

రెండో ఆపరేషన్ చేయొచ్చంటున్నారు. కానీ డెబ్భై మార్కులుంటేనే. పెద్ద డాక్టరు స్కానుని పది నిమిషాలు చూస్తాడు, ఫారాన్ని ఒక నిమిషం చూస్తాడు, మనిషిని గుమ్మంలోంచి చూస్తాడు. ఫారం నింపేది ఆయన దగ్గర ఉండే అసిస్టెంటమ్మాయి. నన్నడిగి నింపుతుంది. వచ్చే బుధవారం రమ్మంది.

ఆ ప్రశ్నలు నీకు కంఠతా వచ్చు. దేనికి ఎలా చెబితే ఎన్ని పడతాయో రాసి పంపు. కుడిచెయ్యి కాస్త మొద్దుబారింది, అది చెప్పాలా వద్దా? మధ్యాహ్నాలు ఎక్కువ నిద్రపోతున్నాడు, అది మందుల వల్ల అనొచ్చా? మాటల సంగతి అడిగితే "ఎప్పుడూ తక్కువే మాట్లాడతాడు" అంటే సరిపోతుందా?

వెంటనే రాయి. కొరియర్లో పంపు. నాకు కూర్చోబుద్ధి కావడం లేదు, నిలబడబుద్ధీ కావడం లేదు. నిన్న ఎవరిదో కోటు చేతులు రెండూ ఒకే భుజానికి కుట్టేశాను.

అక్క

ప్రియమైన మరదలికి, నేను కులాసాగా ఉన్నాను. ఆకలి బాగుంది, నిద్ర బాగుంది. ఆపరేషన్ చేయించుకోవాలని నాకు గట్టిగా ఉంది, నువ్వు సాయం చెయ్యి. — బావ


కొత్త సెక్షన్, మొదటి అంతస్తు
అక్టోబరు 12

అక్కా,

కొరియర్లోనే పంపుతున్నాను, కానీ నువ్వడిగింది కాదు.

కింది మూడు వాక్యాలు బావ రాయలేదు. నీ 'ల' నాకు తెలుసు, చిన్నప్పుడు నా కాపీరైటింగు నువ్వే రాసిపెట్టేదానివి. అంతకంటే ముందు, బావ నన్నెప్పుడూ ప్రియమైన మరదలు అనలేదు. ఆకలి, నిద్ర, ఆపరేషన్, మూడు పేర్లూ తడబడకుండా వచ్చాయి. మేలో పెరుగు అనే మాట దొరకని మనిషికి అక్టోబరులో ఇవన్నీ దొరికాయా?

నేనూ అబద్ధం చెప్పాను. టేబుల్ రెండేళ్ళు అనలేదు. ల్యాబు రిపోర్టు వచ్చే ఉంటుంది, ఏ ల్యాబూ మే దాకా లాగదు, నువ్వు దాచావంటే అది బాగాలేదన్నమాట. అలాగే అనుకుని లెక్క వేశాను. పదకొండు నెలలు వచ్చింది. ఆపరేషన్ రోజు నుంచి పదకొండు. దానర్థం బావలాంటి వాళ్ళలో సగం మంది అంతలోపు పోయారు, సగం మంది దాటారు. ఆ పూట నేను ఆ కాగితాన్ని చించేసి రెండేళ్ళని రాశాను. ఉద్యోగంలో ఏనాడూ ఒక్క అంకె మార్చలేదక్కా. మొదటిసారి మార్చింది నీకోసం.

ఇప్పుడు నా మాట విను. ఆ మార్కులు మనిషిని బతికించవు. మనిషి ఎలా ఉన్నాడో చెబుతాయి, అంతే. బరువు తూచుకునేటప్పుడు గోడని పట్టుకుంటే ముల్లు తగ్గుతుంది, ఒళ్ళు తగ్గదు. యాభై మనిషికి డెబ్భై రాయించి తల తెరిపిస్తే, తెరిచేది యాభై మనిషి తలే. మా ఫైళ్ళలో అలాంటివాళ్ళున్నారు. వాళ్ళ చివరి కాగితాలు నేను చదివాను. కొందరు హాస్పిటల్ మంచం మీదనుంచి మళ్ళీ లేవలేదు.

ఒక్కటే అడుగుతున్నాను. బావని ఎవరైనా అడిగారా?

చిన్ని


షాపు
అక్టోబరు 15

నీకు,

అడిగారా అంట!

నీ దగ్గరున్నది కాగితం. నా దగ్గరున్నది మనిషి. రోజూ పొద్దున్నే ఆ మనిషి ముఖం చూసేది నేను. మార్చి నుంచి "వస్తాను వస్తాను" అంటున్నావు. శలవు లేదు, అట్టపెట్టెలున్నాయి. మూడు గంటల బస్సు ప్రయాణం. నువ్వు రానిది శలవు లేక కాదు. నీ ఫైళ్ళలో మనుషులు చప్పుడు చేయరు కాబట్టి నీకు అక్కడే హాయి.

అవును, కాగితం ఏప్రిల్లోనే వచ్చింది. జీన్ తెరుచుకునే ఉంది. కత్తిరింపు నమూనాల సొరుగులో అడుగున పెట్టాను. ఇంకోటి కూడా విను, నీకు రాసుకోవడానికి పనికొస్తుంది. ఆయన చొక్కాలన్నిటికీ గుండీలు కోసేశాను. పైన పాత గుండీలు ఉత్తుత్తివి కుట్టి, లోపల ప్రెస్ బటన్లు పెట్టాను. నొక్కితే పడిపోతాయి. నర్సు వేసిన ఎనభైలో పది నావి.

నిన్న ఫారం నింపించాను. డెబ్భై పడ్డాయి. ఇరవై తొమ్మిదిన ఆపరేషన్.

నువ్వు ఇంక రాయక్కర్లేదు.


లిఫ్ట్ కంపెనీ వర్కుషాపు
అక్టోబరు 18

అమ్మా, నమస్తే.

నేను పొడుగుని. ఇది మా అన్న రాయిస్తున్న ఉత్తరం. మాట దొరకని చోట నేను రెండు మూడు మాటలు అడిగాను, ఆయన తలూపినదే రాశాను. నావి కలపలేదు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాం, ఇప్పుడు నాలుగున్నర.

మరదలా,

నీ ఉత్తరం చదివాను. మీ అక్క సంచి నాకు అలవాటే. చదవడం ఇంకా వస్తుంది, మెల్లగా.

మీ అక్క అబద్ధాలు నాకు తెలుసు. ప్రెస్ బటన్లు మొదటి రోజే తెలిసింది. నేను మిషన్ మనిషిని. చొక్కా టిక్కుమంటే తెలియదా? బట్టలు వేసుకున్నది నేను కాదు, ఆ టిక్కులు. ఆమె తలుపు సందులోంచి చూస్తోందని తొందరగా వేసుకునేవాణ్ణి. ఆమె ముఖం వెలిగేది. అందుకే ఏమీ అనలేదు.

ఆపరేషన్ నాకు వద్దు. సర్జన్ చెప్పాడు, ఈసారి మాట మొత్తం పోవచ్చు, కుడిచెయ్యి పోవచ్చు అని. మీ అక్క ఆ మాట వినలేదు. అక్కడే కూర్చుంది, వినలేదు. నేను వద్దని చెప్పబోతే నోట్లోంచి "మెట్లు" అని వచ్చింది. ఆమె "అవునండీ, మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త" అని డాక్టరు ముందే నవ్వేసింది. ఇంకోసారి చెప్పాను. ఇంకో మాట వచ్చింది. చేత్తో వద్దన్నాను. చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకుంది.

పాత ఆసుపత్రి బిల్డింగులో ఒక లిఫ్ట్ ఉంది. దాని బ్రేకు ఎవరికీ లొంగదు. నాకే తెలుసు. పొడుగుకి నేర్పాలి. నెల పడుతుంది. మాట, చెయ్యి ఉన్నప్పుడే.

నువ్వు లెక్క చెప్పు. చేయించుకుంటే ఎంత, చేయించుకోకపోతే ఎంత? ఇద్దరికీ ఒకే కాగితం మీద రాయి. నీకు భయమైతే కూడా రాయి. నాకూ భయమే.

బావ

(కింద గీత ఆయనే గీశారు. సంతకం అనుకోండి. — పొడుగు)


మొదటి అంతస్తు
అక్టోబరు 22

అక్కా, బావా,

ఇది ఇద్దరికీ. అక్కా, చించేసే ముందు బావకి చదివి వినిపించు.

నిన్నంతా ఫైళ్ళు తీశాను. గడ్డ తిరిగొచ్చినవాళ్ళు, బావ వయసుకి దగ్గరగా ఉన్నవాళ్ళు, జీన్ తెరుచుకుని ఉన్నవాళ్ళు నలభై ముగ్గురు దొరికారు. నలభై ముగ్గురంటే చాలా తక్కువ, అది గుర్తుపెట్టుకోండి. వాళ్ళలో నిజంగా డెబ్భై, ఆ పైన ఉన్నవాళ్ళు రెండో ఆపరేషన్ తర్వాత సగటున ఎనిమిది నెలలున్నారు. డెబ్భై లోపు ఉండి చేయించుకున్నవాళ్ళు నాలుగు నెలలు. డెబ్భై లోపు ఉండి చేయించుకోనివాళ్ళు కూడా నాలుగు నెలలే. మొదటివాళ్ళ ఎనిమిది నెలలు కూడా పూర్తిగా ఆపరేషన్ వల్ల వచ్చినవి కావు. గట్టిగా ఉన్నవాళ్ళనే ఎంచుకుని చేస్తారు కాబట్టి గట్టివాళ్ళు ఎక్కువ బతికారు. మా డాక్టరుగారికి పేరు చెప్పకుండా చూపించాను, ఆయనా అదే అన్నారు. కానీ మీ డాక్టరు మనిషిని చూశారు, మేము చూడలేదు. నిజం మార్కులతో మళ్ళీ ఆయన్నే అడగండి.

నాలుగు నెలలు సమానమే గానీ, చేయించుకున్నవాళ్ళ నాలుగు నెలల్లో నెలన్నర హాస్పిటల్లోనే పోయింది. ఆ రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టాను.

బావా, మీ పదకొండు నెలల అంకెని దాచి రెండేళ్ళన్నాను. క్షమించండి.

అక్కా, నువ్వన్నది నిజం. శలవు ఉంది. ముప్ఫై ఒక్క రోజులు పేరుకుంది. తొమ్మిదేళ్ళలో కొన్ని వేల కాగితాలు తిప్పాను, వాటిలో ఒక్క మనిషినీ చూడలేదు. మొదటివాడు బావ కావడం నావల్ల కాలేదు.

చిన్ని


ఇంటి నుంచి
అక్టోబరు 27

చిన్నీ,

చదివాను. గట్టిగానే చదివాను. నాలుగు నెలల దగ్గర ఆగిపోతే ఆయనే కాగితం మీద వేలు పెట్టి "చదువు" అన్నాడు. ఆ మాట మాత్రం సరిగ్గా వచ్చింది.

చదవడం అయ్యాక "నీకు ఆపరేషన్ వద్దా?" అని అడిగాను. ఎనిమిది నెలల్లో మొదటిసారి అడగడం. వద్దని తలూపాడు. "భయమా?" అన్నాను. కాదన్నాడు. "మరి నా సంగతేంటి?" అన్నాను. ఆ ప్రశ్న అడగకూడదు, అడిగేశాను. అరిచాను కూడా. నన్ను వదిలి పోవడానికి అంత తొందరా అన్నాను. గిన్నె విసిరేశాను. ఆయన లేచి వెళ్ళి ఆ గిన్నె తెచ్చాడు. కుడిచెయ్యి పట్టక రెండుసార్లు జారింది. మూడోసారి ఎడంచేత్తో తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టి, నా పక్కనే నేలమీద కూర్చున్నాడు.

నిన్న హాస్పిటల్‌కి వెళ్ళాను. ఒక్కదాన్నే. ఆ అసిస్టెంటమ్మాయిని "నేను తప్పు చెప్పాను, ఫారం మళ్ళీ రాయండి" అన్నాను. "ఏది తప్పమ్మా?" అంది. ఒక్కొక్కటే చెప్పాను. స్నానానికి నేను నీళ్ళు పోస్తాను. అన్నం కలిపి పెడతాను. ప్యాంటు నేను తొడుగుతాను. పదకొండున్నర నుంచి నాలుగు దాకా నిద్రే. చెబుతుంటే నాకే కొత్తగా వినిపించింది. ఎవరి మొగుడి గురించో చెబుతున్నట్టు. ఆ అమ్మాయి కొట్టేసి యాభై రాసింది. పెద్ద డాక్టరు ఆ కాగితం చూసి, ఈసారి ఐదు నిమిషాలు మాట్లాడాడు. ఇరవై తొమ్మిది రద్దయింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. నా చేత్తో నేనే ఇరవై మార్కులు తీసేశాను చిన్నీ. బస్సులు మూడు వెళ్ళిపోయాయి.

నువ్వు రా.

అక్క


బస్సులో రాస్తున్నాను, అక్షరాలు ఊగితే క్షమించు
డిసెంబరు 3

అక్కా,

పన్నెండు రోజులుండి తిరిగెళ్తున్నాను, అయినా నీకు ముఖాముఖి చెప్పలేనిది ఒకటి మిగిలిపోయింది.

నువ్వు షాపుకెళ్ళిన రోజు మేం ముగ్గురం ఆ పాత బిల్డింగుకి వెళ్ళాం. ఇంట్లో పార్కు అని చెప్పాం. పొడుగు బావని వీపు మీద ఎక్కించుకుని మిషన్ రూముకి మోసుకెళ్ళాడు. లిఫ్ట్ బాగుచేయడానికి లిఫ్ట్ ఎక్కకూడదట! నూనె వాసన, ఒక కిటికీ, ఇంజను. బావని స్టూలు మీద కూర్చోబెట్టాడు. బావ ఎడం అరచెయ్యి ఇంజను మీద ఆనించి కళ్ళు మూసుకున్నారు. పొడుగు లిఫ్ట్‌ని పైకీ కిందకీ నడిపాడు. నాలుగోసారి బావ "చెప్పు, చెప్పు" అన్నారు. నేనేదో చెప్పమంటున్నారనుకున్నాను. పొడుగు నావైపు కూడా చూడకుండా బ్రేకు స్ప్రింగ్ పావుచుట్టు బిగించాడు. బావ మాట తప్పే. కానీ వేలు సరిగ్గా స్ప్రింగ్ మీదే ఉంది. మళ్ళీ నడిపారు. ఆగినప్పుడు కుదుపు లేదు. బావ పొడుగు చేతిని లాగి ఇంజను మీద తన అరచెయ్యి పక్కనే పెట్టించారు. అలా గంటసేపు. ఇద్దరూ నేనున్నానన్న సంగతే మర్చిపోయారు.

నేను గోడకి ఆనుకుని ఏడ్చాను. భయంతో కాదు. ఇన్నాళ్ళూ నేను ఎవరి గురించి లెక్కలు వేస్తున్నానో అప్పుడు తెలిసింది.

దిగేటప్పుడు బావ నన్ను ఆపి రెండు వేళ్ళు చూపించారు. నాకర్థం కాలేదు. పొడుగు చెప్పాడు: "రెండేళ్ళన్నావట గదమ్మా, అందుకు తిడుతున్నాడు." తిడుతూ నవ్వుతున్నారు.

వచ్చే నెల మళ్ళీ వస్తాను. శలవు రాసే వచ్చాను.

చిన్ని


ఇంటి నుంచి
మార్చి 19

చిన్నీ,

నువ్వు వెళ్ళి పదిహేను రోజులైంది. అందరూ వెళ్ళిపోయారు. ఇల్లు సర్దుదామని లేస్తాను, ఏ వస్తువు పట్టుకున్నా ఎక్కడ పెట్టాలో తెలీదు. మళ్ళీ కూర్చుంటాను. మళ్ళీ లేస్తాను.

నువ్వు రాకముందు చివరి నాలుగు రోజులూ ఎలా జరిగాయో అడిగావు, అప్పుడు చెప్పలేకపోయాను. మాట జనవరిలోనే పూర్తిగా పోయింది. ఆ సోమవారం నుంచి మింగడం లేదు. ఇంటికొచ్చే నర్సు పెదాలు తడపడం నేర్పింది. మంగళవారం పొడుగు వచ్చి గంటసేపు కూర్చుని, ఏ లిఫ్ట్ ఎలా ఉందో అన్నిటి సంగతీ చెప్పాడు. మీ బావ కళ్ళు తెరవలేదు గానీ వేళ్ళు కదిపాడు. గురువారం మధ్యాహ్నం మూడింటప్పుడు నేను పక్కనే కూర్చుని ఎవరిదో లంగాకి అంచు వేస్తున్నాను. ఆయన ఊపిరి ఆగి మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది. నేను సూది ఎత్తి పట్టుకుని అలాగే ఎదురుచూశాను. ఇంక రాలేదు. నేనేమీ అరవలేదు. ఆ అంచు పూర్తిచేసి, దారం కొరికి, అప్పుడు లేచాను. ఎందుకలా చేశానో నాకు తెలీదు.

ఆపరేషన్ రోజు నుంచి పన్నెండు నెలల తొమ్మిది రోజులు. నీ అంకెని దాటాడు. రెండో ఆపరేషన్ చేయించి ఉంటే ఇంకా దాటేవాడా? రోజూ అడుగుతున్నాను. ఫారం దిద్దించకుండా ఉంటే ఈపాటికి ఆ కుర్చీలో ఉండేవాడా? అక్కడ మెట్ల మీద కూర్చున్నప్పుడు లేచి వెనక్కెళ్ళి, "కాదమ్మా, మొదట చెప్పిందే నిజం" అనాలని రెండుసార్లు అనిపించింది. ఎందుకు అనలేదు?

టేబుల్ చూడకు. ఫైళ్ళు తీయకు. నువ్వైతే ఏం చేసేదానివో అది రాయి.

అక్క


మా ఇంటి నుంచి
మార్చి 22

అక్కా,

నువ్వడిగిన మొదటిదానికి జవాబు ఏ టేబుల్లోనూ లేదు. ఆయన ఒక్కడే. ఒక్క మనిషికి రెండు దారుల్లోనూ ఏం జరిగేదో ఎవరూ చూడలేరు. నేను చూశానని ఇంకోసారి అబద్ధం చెప్పను.

రెండోది చెప్పగలను. నేనైతే నీలాగే గుండీలు కోసి ప్రెస్ బటన్లు పెట్టేదాన్ని. నీలాగే ఫారంలో అబద్ధం రాయించేదాన్ని. బావ పేరుతో మూడు వాక్యాలు రాసేదాన్ని, నీకంటే మంచి అక్షరాలతో. ఆయన వద్దంటే విననట్టు నవ్వేదాన్ని. అంతవరకూ మనిద్దరం ఒకటే.

ఆ తర్వాత ఒక్కదాన్నే హాస్పిటల్‌కి వెళ్ళి, నా నోటితో నేనే యాభై అని చెప్పి రాయించడం, అది నేను చేసేదాన్ని కాదు. ఇరవై తొమ్మిదో తేదీ దాకా కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. అది నీకు ఎలా వచ్చిందో నాకు తెలీదు.

నవంబరులో బావ ఎడంచేత్తో పొడుగుకి పని నేర్పింది నువ్వు దిద్దించిన ఆ ఫారం వల్లే. అది నేను కళ్ళారా చూశాను.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో ఇద్దరం కలిసి చూద్దాం. తెలియకపోతే అక్కడే వదిలేద్దాం.

చిన్ని